ముస్కాదే వైన్‌లో బుడగలు వస్తున్నాయి, పాడైందా?

నాంత్‌లో_కొత్తోడు
ఫ్రాన్స్‌లోని నాంత్‌కి వచ్చి రెండు నెలలు. శనివారం మా ల్యాబ్‌లో ఒకాయన భోజనానికి పిలిచాడు. చేతులూపుకుంటూ వెళ్ళడం ఎందుకని ముస్కాదే సెవ్ర్ ఏ మేన్ రెండు సీసాలు కొన్నా. ఒకటి ముందే తెరిచి చూశా. గ్లాసు అంచున సన్నటి బుడగలు, నాలుక కొసన చురుక్కుమంటోంది. పేరు చూసి మస్కట్ ద్రాక్ష వైన్ లాగా తియ్యగా ఉంటుందనుకుంటే తీపన్నదే లేదు. పాడైందంటారా? రెండోది తీసుకెళ్ళాలా వద్దా అని టెన్షన్.

లువార్_గట్టు
తమ్ముడూ, లేబుల్ మీద "సుర్ లీ" అని ఉందేమో చూడు. ఉంటే నిక్షేపంలా ఉంది, తీసుకెళ్ళు. సుర్ లీ అంటే మడ్డి మీద అని. రసం పులిశాక చచ్చిన ఈస్ట్ అడుగున మడ్డిలా చేరుతుంది. మామూలుగా పై తేటను వేరే తొట్టిలోకి వంచేస్తారు. ఇక్కడ చలికాలమంతా ఆ మడ్డి మీదే ఉంచి, కదపకుండా నేరుగా సీసాల్లో పడతారు. పులిసినప్పుడు పుట్టిన గ్యాస్ కాస్త అందులోనే ఉండిపోతుంది. నీ నాలుకకి తగిలింది అదే.

మస్కట్‌తో దీనికి చుట్టరికం లేదు. ద్రాక్ష పేరు మెలోన్ ద బుర్గోన్. పేరులో ఉన్నట్టే పుట్టిల్లు ఫ్రాన్స్ తూర్పున ఉన్న బుర్గోన్, జన్యుపరంగా షార్దొనే అనే తెల్ల ద్రాక్షకి తోబుట్టువు. పుట్టింట్లో దాదాపు కనుమరుగై, లువార్ నది సముద్రంలో కలిసే ఈ మూల బతికింది. 1709లో ఘోరమైన చలికి ఇక్కడి తోటలు చచ్చిపోతే, చలికి ఓర్చుకుంటుందని దీన్ని విరివిగా నాటారు. బ్రాందీ కాచడానికి తెల్ల వైన్ కోసం డచ్చి వర్తకులు ఎగబడటం కూడా కలిసొచ్చింది.

భీమవరం_ఆడపడుచు
ఆ చరిత్ర సరే, దేంతో తినాలో చెప్పండి అన్నగారూ! ఇక్కడివాళ్ళు పచ్చి ఆల్చిప్పలతో తాగుతారు. తొమ్మిదేళ్ళయినా అది నా గొంతు దిగలేదు. మస్సెల్స్ అనే నల్ల చిప్పలతో మాత్రం అమోఘం. వెన్నలో ఉల్లిపాయలు మగ్గనిచ్చి, గ్లాసెడు ఇదే వైన్ పోసి, మరిగాక కడిగిన మస్సెల్స్ వేసి మూత పెట్టండి. నాలుగైదు నిమిషాల్లో చిప్పలు టక్ టక్‌మని తెరుచుకుంటాయి. తెరుచుకోనివి పారేయండి. అడుగున మిగిలిన రసంలో రొట్టె ముంచుకుని తింటుంటే మా ఆయన వైన్ సంగతే మర్చిపోతాడు.

పులుసు_ప్రియుడు
నేను చేపల పులుసుతో తాగి చూశా. చింతపండు పులుపు, దీని పులుపు రెండూ కలిసి పళ్ళు జివ్వుమన్నాయి. పైగా కారం. వద్దు.

భీమవరం_ఆడపడుచు
పులుసుతో ఎవరు తాగమన్నారండీ! కారం తగ్గించి నెత్తళ్ళ వేపుడు చేసుకోండి. నిమ్మకాయ పిండక్కర్లేదు, ఆ పని వైనే చేస్తుంది.

గోదారోడు_పారిస్‌లో
ఒక హెచ్చరిక. త్వరగా చల్లబడుతుందని ఫ్రీజర్‌లో పెట్టి నిద్రపోయాను. పొద్దున చూస్తే సీసా పగిలి, ఐస్ ముక్కల మధ్య గాజు పెంకులు. ఆవకాయ డబ్బా కూడా అందులోనే ఉంది. అన్నీ పారబోశా. వైన్ పోయినందుకు కాదు నా బాధ.

లువార్_గట్టు
ఆవకాయ ఫ్రీజర్‌లో ఎందుకు పెట్టావయ్యా?!

అన్నట్టు ఇంకోటి. ముస్కాదే అంటే కొన్న ఏడాదిలోనే తాగేయాలని అందరూ అంటారు. మామూలు సీసాకి అది నిజమే. కానీ లేబుల్ మీద క్లిసోన్, గోర్జ్, ల పలే అనే ఊళ్ళ పేర్లు కనిపిస్తే ఆగండి. 2011లో ఈ మూడింటికీ ప్రత్యేక గుర్తింపు వచ్చింది. వీటిని ఏడాదిన్నర, రెండేళ్ళు, ఇంకా ఎక్కువ కాలం మడ్డి మీదే ఉంచుతారు. క్లిసోన్‌ది గ్రానైట్ నేల, గోర్జ్‌ది గాబ్రో అనే నల్లరాయి నేల. నేను ఒక క్లిసోన్ సీసా ఏడేళ్ళు దాచి తీశా. చురుకు పోయింది, ఒక రకమైన నిండుదనం వచ్చింది. వెన్న సాస్ వేసిన చేపతో తాగితే ఇది ముస్కాదేనా అని నాకే అనుమానం వచ్చింది. ధర మాత్రం మామూలు దానికన్నా ఎక్కువే.

నాంత్‌లో_కొత్తోడు
అందరికీ థాంక్స్. సుర్ లీ అనే ఉంది, తీసుకెళ్ళా. ఇంటాయన లేబుల్ చూసి తలూపి, తిన్నగా ఫ్రిజ్‌లో పెట్టాడు. కాసేపటికి ఆరు ఆల్చిప్పలున్న పళ్ళెం నా ముందుకొచ్చింది. రెండు తిన్నా అక్కా, ఒట్టు. మిగతా నాలుగూ పక్కాయన లాగించేశాడు.