అప్‌డేట్: అగ్నివీర్‌కు పంచాయతీ కార్యదర్శి పోస్టులో మాజీ సైనికుల కోటా వస్తుందా?

అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో అగ్నివీర్‌గా నాలుగేళ్లు చేసి వస్తే ఆ కోటా వర్తిస్తుందా అని అడిగాను. వర్తించదు. నాలుగేళ్లకే బయటికొచ్చేవాళ్లకు మాజీ సైనికుడి హోదా ఉండదు, పింఛనూ లేదు. దరఖాస్తులో ఆ కోటా ఎంచుకుంటే ధ్రువపత్రాల పరిశీలనలో ఆగిపోతుంది. రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. వాళ్లు కనీసం మరో 15 ఏళ్లు చేస్తారు, మాజీ సైనికుడి హోదా వాళ్లకే వస్తుంది.

అసలు చిక్కు చదువు దగ్గర. కార్యదర్శి పోస్టుకు డిగ్రీ కావాలి. పదో తరగతితో చేరినవాళ్లకు ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ) ద్వారా ఇంటర్ సమాన పత్రం వస్తుంది, అది ఒక్కటే చాలదు. ఇగ్నో అగ్నివీర్ల కోసం పెట్టిన డిగ్రీలో సగం క్రెడిట్లు సర్వీసులోని శిక్షణకే ఇస్తారు. మిగతా సగం పేపర్లు సర్వీసులో ఉండగానే రాయడం మేలు. పోలీసు, కేంద్ర బలగాల నోటిఫికేషన్లలో అగ్నివీర్ల నిబంధన విడిగా ఉంటుంది, దాన్ని దీనితో కలపకండి.