కోత మిషన్‌కి కంప్యూటర్ కార్బ్యురేటరా, పాత స్క్రూలేనా?

జామాయిల్_రైతు (కొత్తగూడెం)
మా తోట కోతకొచ్చింది, కర్ర సారపాక మిల్లుకు తోలాలి. పోయినేడు సగం కోతలో చెట్లు కోసే చైన్‌సా మిషన్ పిస్టన్ పట్టేసింది, బోరంతా గీతలు. సియాటెల్‌లో ఉన్న మా బావమరిది సంక్రాంతికి వస్తూ స్టిల్ కంపెనీ ఎం-ట్రానిక్ మిషన్ తెస్తానంటున్నాడు. పెట్రోలు, గాలి పాళ్ళు అదే చూసుకుంటుందట, కార్బ్యురేటర్‌కి తిప్పడానికి స్క్రూలే ఉండవట. మా మెకానిక్ మాత్రం "తెచ్చుకోండి, నా దగ్గరికి తేకండి" అన్నాడు. ఎవరి మాట వినాలి?

స్పానర్_బాబాయ్
మెకానిక్ మాటే వినండి. తక్కువ స్పీడుకి ఎల్, ఎక్కువ స్పీడుకి హెచ్ అని రెండు స్క్రూలు, ఐడిల్‌కి ఇంకోటి. ఫుల్ రేస్‌లో మిషన్ కాస్త గరగరమంటే పెట్రోలు సరిపోతున్నట్టు, సన్నగా ఈలేస్తే లీన్ అయినట్టు, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలనట్టు. చెవి ఉంటే చాలు. కంప్యూటర్ మిషన్‌లో తప్పు ఎక్కడుందో తెలియాలంటే కంపెనీ టెస్టర్ తగిలించాలి. అది జిల్లాలో ఎవరి దగ్గరుంది?

ఓరెగాన్_కిరణ్
బాబాయ్ గారూ, ఇక్కడ చెట్లు కొట్టే కంపెనీలో ఆరేళ్ళు రెండు రకాలూ వాడాను. హస్క్‌వర్నా కంపెనీ వాళ్ళ కంప్యూటర్ కార్బ్యురేటర్ ఆటోట్యూన్, స్టిల్ ఎం-ట్రానిక్ రెండింటిలోనూ కార్లలో లాగా ఆక్సిజన్ సెన్సర్ ఉండదు. బ్యాటరీ కూడా లేదు, ఫ్లైవీల్ తిరిగితే వచ్చే కరెంటుతోనే నడుస్తాయి. ఆటోట్యూన్ అయితే పెట్రోలు ఒక్క క్షణం తగ్గించి ఆర్‌పీఎం ఎటు పోయిందో చూస్తుంది, దాన్నిబట్టి సర్దుకుంటుంది. మీరు చెవితో చేసే పనే. కొండెక్కితే గాలి పల్చబడి మిక్స్చర్ రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, అప్పుడు ఆగి స్క్రూడ్రైవర్ తీయక్కర్లేదు.

స్పానర్_బాబాయ్
కొత్తగూడెంలో ఏ కొండెక్కుతాడు తమ్ముడూ? అసలు భయం వేరే. ఇంజన్ షాఫ్ట్‌కుండే క్రాంక్ సీల్ దగ్గర గాలి లీకైతే పాత మిషన్ ఐడిల్‌లో ఊరికే రేస్ అవుతుంది, విన్నవాడు ఆపేస్తాడు. మీ తెలివైన మిషన్ పెట్రోలు పెంచి ఆ లీకుని కప్పిపుచ్చుతుంది. పెంచగలిగినంత పెంచాక ఒకరోజు పట్టేస్తుంది. జ్వరానికి మాత్ర మింగి పొలం పోయినట్టుంటుంది.

పచ్చాకు
పొగ సంగతి ఎవరూ ఎత్తరేం? ఈ మిషన్లలో ఉండే మామూలు టూ-స్ట్రోక్ ఇంజన్‌లో లోపలికి వచ్చిన కొత్త పెట్రోలులో దాదాపు మూడో వంతు కాలకుండానే సైలెన్సర్‌లోంచి పోతుంది. పీల్చేది కూలీలు. అమెరికాలో 50 సీసీ లోపు చేతి మిషన్లకు హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి కిలోవాట్-గంటకు 50 గ్రాములే, ఆపైన వాటికి 72 అని హద్దు పెట్టారు. ఈ టెక్నాలజీ వచ్చింది అందుకే కదా.

ఓరెగాన్_కిరణ్
నేను కంప్యూటర్ పక్షమే గానీ ఇది ఒప్పుకోను. పొగ తగ్గించింది ముఖ్యంగా సిలిండర్ మార్పు. ముందు వట్టి గాలి పొర వచ్చి కాలిన పొగను తోస్తుంది, దాని వెనక పెట్రోలు వస్తుంది. దాంతో బయటికి జారిపోయేది చాలావరకు గాలే. హస్క్‌వర్నా ఎక్స్-టార్క్ అనేది అదే, స్టిల్ వాళ్ళది టూ-మిక్స్. స్క్రూలున్న మిషన్లలో కూడా ఉంది. కంప్యూటర్ చేసేది ఆ సెట్టింగ్ చెడకుండా కాపాడటం. స్క్రూలకు ప్లాస్టిక్ టోపీలు పెట్టి ఎక్కువ తిప్పనివ్వకపోవడం కూడా ఈ రూల్స్ పుణ్యమే. జనం మొదట పీకేది ఆ టోపీలే అనుకోండి!

ఇంతకీ రైతుగారూ, బంకులో ఏ పెట్రోలు పోయిస్తున్నారు?

జామాయిల్_రైతు
ఇంకేముంది, అంతా 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20నే. లీటరుకి 20 మిల్లీ ఆయిల్ కలుపుతా.

ఓరెగాన్_కిరణ్
ఆయిల్ పాళ్ళు సరే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే స్క్రూ సెట్టింగ్‌లో ఈ20 పోస్తే మిషన్ లీన్ అవుతుంది, వేడెక్కుతుంది. చేత్తో తిప్పే కార్బ్యురేటర్‌కి ఇథనాల్ 10 శాతం దాటొద్దని, ఎం-ట్రానిక్‌కి 27 దాకా పర్వాలేదని స్టిల్ మాన్యువల్లోనే ఉంటుంది. మీ పిస్టన్ ఇందుకే పోయిందని చూడకుండా చెప్పలేను గానీ, నా అనుమానం అదే.

స్పానర్_బాబాయ్
ఇది మాత్రం నిజం. ఈ మధ్య వచ్చే మిషన్లన్నిటికీ హెచ్ స్క్రూ కాస్త విప్పి ఇస్తున్నా. కానీ ఇథనాల్ నీళ్ళు పీలుస్తుంది. కలిపిన పెట్రోలు నెల రోజులు ట్యాంకులో వదిలేస్తే కార్బ్యురేటర్‌లో పెట్రోలు తోడే పల్చటి పొర, డయాఫ్రం, గట్టిపడుతుంది. దానికి ఏ కంప్యూటరూ మందు కాదు.

జామాయిల్_రైతు
బావమరిదికి ఫోన్ చేశా. కొత్తది కాదట, తను రెండేళ్ళు వాడిందట! పెట్రోలు ఒకసారి పోసిన మిషన్‌ని విమానంలో ఎక్కించరట, ఎయిర్‌లైన్ వాళ్ళను ఇప్పుడే అడిగాడు. రెండు డయాఫ్రం కిట్లు, మంచి ఎయిర్ ఫిల్టరు తెమ్మన్నా. బాబాయ్ గారూ, మీ షాపు ఎక్కడ?

స్పానర్_బాబాయ్
పాల్వంచ. ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి. ట్యాంకు ఖాళీ చేసి తీసుకురండి.