2 వీల్ డ్రైవ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను 4 వీల్ డ్రైవ్ పికప్‌కు వేయొచ్చా?

బేతంచెర్ల పికప్: అన్నలూ, క్వారీలో తిరిగే 4 వీల్ పికప్‌కు ఆటోమేటిక్ బాక్స్ కేసు పగిలింది. కర్నూలు స్క్రాప్‌లో అదే ఇంజిన్‌ది 2 వీల్ బాక్స్ తక్కువకే ఉంది. వెనక హౌసింగ్ మారిస్తే చాలునా?

తాడిపత్రి గేర్‌బాక్స్: చాలదు తమ్ముడూ. 2 వీల్ బాక్స్‌లో అవుట్‌పుట్ షాఫ్ట్ పొడుగు, స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పళ్లు) వేరేగా ఉంటాయి. ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోకి అది దిగదు. చాలా బాక్సుల్లో ఆ షాఫ్ట్‌ను లోపల ప్లానెటరీ గేర్ల దగ్గర సర్‌క్లిప్ (లాక్ రింగు) పట్టుకుని ఉంటుంది, వెనక నుంచి లాగితే రాదు. ముందువైపు ఉండే ఆయిల్ పంపు నుంచి మొత్తం విప్పాల్సిందే. నీ పాత బాక్స్ మాత్రం పారేయొద్దు. షాఫ్ట్, అడాప్టర్, పార్కింగ్ పాల్ (పార్క్‌లో బండిని ఆపే కొక్కెం) అందులోవే వాడుకో. కొనేముందు రెండు కేసుల వెనక ముఖం, బోల్టు రంధ్రాలు పక్కపక్కన పెట్టి కొలువు.

బేతంచెర్ల పికప్: విప్పితే క్లచ్ ప్లేట్లు కూడా మార్చాలా?

తాడిపత్రి గేర్‌బాక్స్: నల్లబడితే మార్చు. సీళ్లు, గాస్కెట్లు, ఫిల్టర్ ఎట్లాగూ కొత్తవే. కొత్త ప్లేట్లు గంటసేపు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ బాక్స్ ఆయిల్)లో నానబెట్టు. ఎండ్ ప్లే (షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఆడే సందు) డయల్ గేజ్‌తో చూసి, మాన్యువల్‌లో చెప్పిన వాషరే వెయ్యి.

కడప ఆటో ఎలక్ట్రీషియన్: స్పీడ్ సెన్సార్ సంగతి మరిచిపోకండి. 4 వీల్‌లో అది ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉండొచ్చు. పాత వైరింగ్, పాత టీసీయూ (గేర్‌బాక్స్ కంప్యూటర్)నే ఉంచండి. ఆయిల్ కూలర్ కడగకుంటే పాత ఇనుప పొడి కొత్త బాక్స్‌లోకి పోతుంది. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌కూ బాక్స్‌కూ మధ్య ఉండేది) పంపులో పూర్తిగా కూర్చోకముందే బోల్టులతో లాగితే పంపు పగులుతుంది. బెల్ హౌసింగ్ ఆనినాక కూడా అది చేత్తో తిరగాల.