హనుమకొండలో స్టార్టప్ మీటప్ నిలబెట్టడం ఎలా? చేసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, నాతో కలిపి ముగ్గురం. ఆర్నెల్ల నుంచి నెలకో శనివారం సాయంత్రం ఇక్కడి స్టార్టప్ వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడుతున్నాం. మొదటిసారి నలభై మంది దాకా వచ్చారు, మొన్న ఏడుగురే, అందులో ఇద్దరు నా రూమ్మేట్లు.

ఊళ్లో మనుషులు లేక కాదు. నిట్ ఉంది, మడికొండలో ఐటీ పార్కు ఉంది. కానీ కాస్త పని నేర్చినవాడు పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో ఉంటాడు, 2015లో అక్కడ స్టార్టప్‌ల కోసం ప్రభుత్వం పెట్టిన టీ-హబ్ వచ్చాక ఇన్వెస్టర్లని కలవాలన్నా అక్కడికే. వాళ్లనీ తప్పు పట్టలేను.

మొన్న ఒక తమ్ముడు కిరాణా కొట్లకి తెలుగులో బిల్లింగ్ యాప్ చూపించాడు, భలే చేశాడు. వచ్చిన మొదటి ప్రశ్న "ఫండింగ్ వచ్చిందా?" అని. పాపం, ల్యాప్‌టాప్ మూసేశాడు.

హాలు కోసం ఒక కాలేజీని అడిగితే ఇస్తామన్నారు, కానీ జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, గంటన్నర ఉపన్యాసాలు కూడా ఉండాలట! ఇప్పుడు టిఫిన్ సెంటర్ మేడ మీదే, టీ, బజ్జీల ఖర్చు నా జేబులోంచే.

వైజాగ్, కాకినాడ, కరీంనగర్‌లో ఇలాంటివి నడిపినవాళ్లు ఉంటే చెప్పండి. డబ్బులు ఎలా సర్దుకున్నారు? హైదరాబాద్ వెళ్లిపోయినవాళ్లని నెలకోసారైనా ఎలా రప్పించారు? సొసైటీగా రిజిస్టర్ చేయిస్తే ఉపయోగముందా? దానికి కనీసం ఏడుగురు కావాలి, సరిగ్గా అంతే మిగిలాం మరి.