అప్‌డేట్: ఎండకు హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియో సెట్ వేడెక్కే సమస్య తీరింది

నల్గొండ మే ఎండల్లో ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి) నడుపుతుంటే నా హ్యామ్ (అభిరుచి రేడియో) సెట్ కాసేపటికే పవర్ తగ్గించేసుకుంటోందని అడిగాను కదా. మీరు చెప్పినట్టే సెట్‌ను గోడ అల్మారాలోంచి బయటికి తీసి, వెనకాల వేడి గాలిని లాగేసేలా 120 మి.మీ. ఫ్యాన్ పెట్టాను. కానీ అసలు తేడా పంపే పవర్‌ను నేనే తగ్గించాకే వచ్చింది. 100 వాట్లు పంపడానికి సెట్ 13.8 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. అంటే లాగే 276 వాట్లలో పంపే 100 పోను, 170 వాట్లకు పైగా వేడే! పైగా ఎఫ్‌టీ8లో మన వంతు వచ్చిన ప్రతి 15 సెకన్లలో 12.64 సెకన్లు ఆగకుండా పంపాలి. ఇప్పుడు 30 వాట్లతోనే వేరే స్టేషన్లతో హాయిగా కాంటాక్టులు అవుతున్నాయి. కూలర్ తేమ గాలి సెట్‌కు తగలనివ్వొద్దన్న అన్నకు ప్రత్యేకంగా థ్యాంక్స్. ఫ్యాన్ వల్ల రిసీవర్‌లో గరగర వస్తే దాని వైరును ఫెరైట్ రింగు (రేడియో రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థపు రింగు) లోంచి నాలుగైదు చుట్లు తిప్పి చూడండి.