రొనాల్డ్ క్లార్క్ పద్ధతి ఎర్రచందనానికి పనికొస్తుందా?

చేవమాను:
క్రిమినాలజీ ఎం.ఏ. డిసర్టేషన్‌కి ఎర్రచందనం స్మగ్లింగ్ తీసుకున్నాను. అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో పనిచేసిన క్రిమినాలజిస్టు రొనాల్డ్ క్లార్క్‌ని చదవమని మా గైడ్ అన్నారు. బళ్ల దొంగతనాల మీద పనిచేసిన మనిషి సిద్ధాంతం శేషాచలం అడవికి ఎలా సరిపోతుంది? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పినాకిని:
ఆయన మొదట బ్రిటన్ హోం ఆఫీసులో (అక్కడి హోం శాఖ) పరిశోధకుడు. దొంగ ఎందుకు దొంగయ్యాడన్నది పక్కనపెట్టి, ఆ నేరానికి అక్కడ వీలెలా దొరికిందని అడిగారు. మీకు అసలు పనికొచ్చేది ఆ ప్రశ్నే. పశ్చిమ జర్మనీ ఉదాహరణ తప్పక చూడండి. హెల్మెట్ లేకపోతే అక్కడికక్కడే జరిమానా అని 1980లో పెట్టాక, ఏడాదికి 1,53,000 దాకా ఉన్న మోటార్‌సైకిల్ దొంగతనాలు 1986కి 54,000కి పడిపోయాయి. అప్పటికప్పుడు బండెత్తుకుపోయేవాడి దగ్గర హెల్మెట్ ఉండదు, దారిలోనే దొరికిపోతాడు. ఆ తగ్గినంతా కార్ల మీదికో సైకిళ్ల మీదికో మళ్లలేదు కూడా. ‘ఇక్కడ ఆపితే ఇంకోచోట చేస్తారు’ అనే వాదనకి ఇంత గట్టి జవాబు అరుదు. తర్వాత అమెరికా వెళ్లి రట్గర్స్‌లో పదేళ్లకు పైగా డీన్‌గా ఉన్నారు. 2015లో ప్యాట్రీషియా మేహ్యూతో కలిసి స్టాక్‌హోమ్ క్రిమినాలజీ బహుమతి అందుకున్నారు.

తలకోన:
వన్యప్రాణుల వైపు వచ్చింది బాగా ఆలస్యంగా. రెండు పనులు చూడండి. ఆండ్రూ లెమ్యూతో చేసిన ఏనుగుల అధ్యయనం 2009లో వచ్చింది. 1989లో ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాక చాలా దేశాల్లో ఏనుగులు పెరిగాయి. అదుపులేని దంతాల బజారు సొంతగడ్డ మీదో పొరుగునో ఉన్నచోట మాత్రం తరుగుతూనే పోయాయి. రెండోది స్టీఫెన్ పిరెస్‌తో మెక్సికో చిలుకల మీద చేసింది. ఎక్కువగా పట్టుకుపోయేది ఖరీదైన చిలుకల్ని కాదు, ఎక్కువగా ఉండి, గూళ్లు చేతికందే వాటిని.

ఎర్రచందనం ఇందుకు తిరగబడుతుంది. గిరాకీ విదేశాల్లో ఉంది, ధరే నడిపిస్తుంది. అందుకే చిలుకల ఫలితాన్ని దీనికి అతికించకండి. నేరాన్ని అంచెలుగా విడదీయండి: కూలీల్ని కుదర్చడం, కొండెక్కించడం, నరికి పైచెక్క చెక్కేయడం, దుంగలు మోసుకుని దిగడం, బండికెత్తడం, గోడౌన్, రేవులో వేరే సరుకు పేరుతో కంటైనర్. ఒక్కో అంచెలో ఎవరు కావాలి, ఏ బండి, ఏ కాగితం, ఎంతసేపు పడుతుందో పట్టిక వేయండి. కొండమీద వందల దారులుంటాయి. కంటైనర్ దగ్గర కాగితాలు తప్పనిసరి, దారులు తక్కువ. నా దృష్టిలో మీ డిసర్టేషన్ బలమంతా అక్కడే ఉంటుంది. కూలీల అరెస్టుల చుట్టూ తిరిగితే వాళ్ల స్థానంలో వెంటనే ఇంకొకరు వస్తారు. పైగా బక్కప్రాణుల మీదే భారం పడుతుంది.

పినాకిని:
ఒక్క జాగ్రత్త. పట్టుబడ్డ టన్నుల్ని నేరానికి కొలతగా తీసుకోవద్దు. తనిఖీలు పెంచిన ఏడాది అంకె పెరుగుతుంది, సిబ్బందిని వేరే పనికి పంపితే తగ్గుతుంది. దానికి పక్కనే, నరికాక అడవిలో మిగిలిన మొదళ్ల లెక్క పెట్టుకోండి: బీట్‌వారీగా (ఫారెస్టు గార్డు కాపలా పరిధి ప్రకారం), నరికిన తేదీ అంచనాతో. పట్టుబడ్డ దుంగల్ని ప్రభుత్వం వేలం వేస్తుంది, పట్టా భూముల్లో పెంచిన చెట్లూ ఉన్నాయి. ఈ రెండింటి రవాణా పర్మిట్లలో పరిమాణం, గడువు, వాహనం నంబరు ఎలా సరిచూస్తారో అడిగి రాసుకోండి. ఒకే పర్మిట్ మీద రెండుసార్లు సరుకు నడిచే వీలుందేమో అక్కడే తేలుతుంది.