‘హౌ బ్యూటిఫుల్ ఈజ్ ది బీచ్!’ తప్పా, ఒప్పా?

మధురవాడ సభ్యురాలు: ‘ది బీచ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్’ను ఆశ్చర్యార్థకంలోకి మార్చమంటే పదో తరగతి పిల్లలు పైన ఉన్నట్టే రాస్తున్నారు. ఎలా సరిదిద్దాలి మాస్టారూ?

పెందుర్తి మాస్టారు: ‘ఈజ్’ కర్త ముందుకొస్తే ప్రశ్న వరస అయిపోతుందమ్మా. పాత కవిత్వంలో అలా కనిపించినా పరీక్షలో చెల్లదు. కర్త ముందు, క్రియ ఆఖర్న: ‘హౌ బ్యూటిఫుల్ ది బీచ్ ఈజ్!’ తెలుగులో ‘ఎంత బాగుంది’ అనేది ప్రశ్నకీ ఆశ్చర్యానికీ ఒకటే, గొంతులోనే తేడా. అందుకే ‘హౌ’ కనబడగానే పిల్లలు ప్రశ్నలోకి జారిపోతారు.

ముందు ‘వెరీ’ కింద గీత గీయించండి. దాని పక్కనున్న మాట తర్వాత వెంటనే నామవాచకం ఉంటే ‘వాట్’, లేకపోతే ‘హౌ’. ‘కైలాసగిరి ఈజ్ ఎ వెరీ లవ్లీ హిల్’లో హిల్ ఉంది, కాబట్టి ‘వాట్ ఎ లవ్లీ హిల్ కైలాసగిరి ఈజ్!’ ‘షీ సింగ్స్ వెరీ స్వీట్లీ’లో లేదు, కాబట్టి ‘హౌ స్వీట్లీ షీ సింగ్స్!’ ఇక్కడ ‘డజ్’ దూర్చనివ్వకండి. ‘వెరీ’ని కొట్టేయాల్సిందే, దాని పని ‘వాట్’, ‘హౌ’ చేసేస్తాయి.

గాజువాక సభ్యుడు: ‘ఎ’ గురించి కూడా చెప్పండి సార్. ‘హౌ ఎ నైస్ పార్క్’ అని రాసేవాళ్లు బోలెడుమంది.

పెందుర్తి మాస్టారు: అది ‘వాట్ ఎ నైస్ పార్క్’ అవ్వాలి. లెక్కపెట్టగలిగే ఒక్క వస్తువైతేనే ‘ఎ’. పక్క మాట అచ్చు శబ్దంతో మొదలైతే ‘యాన్’: ‘వాట్ యాన్ ఓల్డ్ టెంపుల్!’ ‘ఆనెస్ట్’లో హెచ్ పలకదు కనుక దానికీ ‘యాన్’. బహువచనానికి ‘ఎ’ రాదు: ‘వాట్ లవ్లీ హిల్స్!’ లెక్కకు రానివాటికీ రాదు: ‘వాట్ ప్లెజెంట్ వెదర్!’, ‘వాట్ టెరిబుల్ ట్రాఫిక్!’ మన విశాఖ ఎన్ఏడీ జంక్షన్‌లో ఎన్ని బళ్లున్నా ట్రాఫిక్ ముందు ‘ఎ’ పెట్టకూడదు. ‘వాట్ ఎ పిటీ’, ‘వాట్ ఎ షేమ్’, ‘వాట్ ఎ రిలీఫ్’ మాత్రం వాడుకలో స్థిరపడిపోయాయి. వాటిని కంఠతా పట్టించడమే మేలు.

మధురవాడ సభ్యురాలు: తిరిగి మామూలు వాక్యంగా మార్చాలంటే?

పెందుర్తి మాస్టారు: తీసేసిన ‘వెరీ’ని వెనక్కి పెట్టాలి. ‘హౌ టాల్ యు హావ్ గ్రోన్!’ అంటే ‘యు హావ్ గ్రోన్ వెరీ టాల్’. ‘వాట్ ఎ పిటీ ఇట్ ఈజ్!’లో విశేషణమే లేదు, అక్కడ ‘వెరీ పిటీ’ అని రాస్తే తప్పు. ‘ఇట్ ఈజ్ ఎ గ్రేట్ పిటీ’ అని రాయించండి.